తప్పు ఎవరిదని కాదు, ఎక్కడని అడగండి

ఇంట్లో ఏ వస్తువు పనిచేయడం మానేసినా మన పెద్దవాళ్ళ నోట ముందుగా వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" ఫ్యాను ఆగినా ఇదే ప్రశ్న, మిక్సీ తిరగకపోయినా ఇదే ప్రశ్న. ముట్టుకున్నవాడు దొరికితే వాడికి నాలుగు చివాట్లు పడతాయి. అందరి కోపమూ చల్లారుతుంది. ఫ్యాను మాత్రం తిరగదు!

సైన్సు చదువుకునేవాళ్ళు అడగవలసిన ప్రశ్న ఇది కాదని నా అభిప్రాయం. అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. అదేమిటో, ఎందుకో ఒక పాత కంప్యూటరు కథతో మీకు చెబుతాను.

సామాన్ల గదిలో దొరికిన యంత్రం

ఆ మధ్య సైన్సు క్లబ్బు పని మీద నేనొక ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. అంతకు వారం రోజుల ముందు పిల్లలు సామాన్ల గది ఊడుస్తుంటే దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటరు ఒకటి బయటపడిందట. 1990ల నడుమ తయారైన 486 రకం యంత్రం అది. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి సరదా పడి తీగలు కలిపి స్విచ్చి వేసింది. యంత్రం ఒక్కసారి కూత పెట్టింది. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు నాలుగు వరసలు వచ్చాయి. తేదీ 1980 జనవరి 1 అని చూపించింది. ఆ తరువాత కదలకుండా నిలిచిపోయింది.

ఇంకేం! "అమ్మాయి కంప్యూటరు చెడగొట్టింది" అని బడి అంతా పాకిపోయింది. అటెండరు కేకలు వేశాడు. స్నేహితులు నవ్వారు. ఆ అమ్మాయి ఆ రోజు నుంచీ కంప్యూటర్ల గది వైపు రావడమే మానేసిందని ఆమె సైన్సు టీచరు నాతో చెప్పారు. యంత్రాన్ని ఏం చేయాలన్న దానికి సలహాలు రెండే వచ్చాయి. "డిస్కంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించండి" అన్నది ఒకటి. "పాత సామాన్లవాడికి ఇచ్చేయండి" అన్నది రెండోది. అసలు ఏం జరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు.

అలాంటి యంత్రాలతో నేను చాలా కాలం పనిచేశాను. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, ఆ అమ్మాయిని పిలిపించమన్నాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, "నేనేమీ చెయ్యలేదు సార్, ఊరికే స్విచ్చి వేశాను" అన్నది.

"అది తరువాత చూద్దాం. ముందు ఒక నోటు పుస్తకం తీసుకునిరా అమ్మా" అన్నాను.

కర్ర ఎవరి చేతిలో ఆగిపోయింది?

స్విచ్చి వేయగానే కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో మీకు తెలుసా? మీ ఆటల పోటీల్లో రిలే పరుగు పందెం చూసే ఉంటారు. ఒకరు పరుగెత్తి కర్రను రెండోవారికి అందిస్తారు. రెండోవారు మూడోవారికి అందిస్తారు. కంప్యూటరు మేలుకోవడం కూడా సరిగ్గా ఇలాంటిదే.

మొదటి పరుగు బయాస్ అనే చిన్న ప్రోగ్రాముది. ఇది ఒక చిప్పులో శాశ్వతంగా ఉంటుంది. జ్ఞాపకశక్తి, కీబోర్డు, డిస్కు ఉన్నాయో లేవో తడిమి చూస్తుంది. తరువాత డిస్కు మీది మొట్టమొదటి సెక్టారును చదివి కర్రను దానికి అందిస్తుంది. సెక్టారంటే 512 బైట్లు పట్టే చిన్న గడి. ఆ గడిలోని ప్రోగ్రాము డిస్కులో ఏ భాగం నుంచి మేలుకోవాలో చూసి, ఆ భాగపు మొదటి గడికి కర్రను అందిస్తుంది. అక్కడి నుంచి కర్ర ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వెళ్తుంది. కంప్యూటరు చేత పనులన్నీ చేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఈ యంత్రంలో ఉన్నది ఎమ్మెస్‌డాస్ 6.22. అది 1994లో విడుదలయింది. చిట్టచివర కమాండ్.కామ్ అనే ఫైలు వచ్చి, తెర మీద "సీ" అక్షరం చూపి, మన ఆజ్ఞ కోసం ఎదురు చూస్తుంది.

పాత యంత్రాల్లో గొప్ప సుగుణం ఏమిటంటే, కర్ర ఎక్కడ ఆగితే అక్కడ ఒక సందేశం వస్తుంది. దాన్ని చూసి మనం భయపడతాం. నిజానికి అది శుభవార్త. ఆ సందేశం ఇచ్చినవాడి వరకూ పరుగు బాగానే సాగిందని అర్థం. ఇక వెతకవలసింది ఆ తరువాతి మెట్టు దగ్గరే.

మేము తెర మీది వరసలను అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాం. సీమాస్ బ్యాటరీ బలహీనంగా ఉన్నదని, సీమాస్ లెక్క సరిపోవడం లేదని అందులో ఉన్నది. సీమాస్ అనేది చిన్న జ్ఞాపకాల గూడు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో ఈ గూడు 64 బైట్లు మాత్రమే. తేదీ, కాలం, డిస్కు కొలతలు అందులో ఉంటాయి. యంత్రం ఆపి ఉన్నప్పుడు ఆ గూటిని కాపాడేది రూపాయి బిళ్ళలాంటి ఒక చిన్న బ్యాటరీ. 3 వోల్టులు ఉండవలసిన ఆ బ్యాటరీని మల్టీమీటరుతో కొలిస్తే అర వోల్టు కూడా లేదు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉండడంతో అది చచ్చిపోయింది. దాంతో తేదీ పోయింది. తనకు ఒక డిస్కు ఉన్నదన్న సంగతే యంత్రం మరిచిపోయింది.

"అంటే నేను స్విచ్చి వేయకముందే ఇలా ఉన్నదా సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అవునమ్మా. నువ్వు చెడగొట్టలేదు. చెడిపోయి ఉన్న సంగతి కనిపెట్టావు" అన్నాను. చెడగొట్టడానికీ కనిపెట్టడానికీ ఎంత తేడా ఉన్నదో చూడండి! "ఎవరు ముట్టుకున్నారు?" అన్న ప్రశ్న ఈ రెండింటినీ ఒకటి చేసేస్తుంది.

నేను చేసిన పొరపాటు

కొత్త బ్యాటరీ వేశాం. ఆ యంత్రంలో డిస్కు కొలతలను మనమే చేత్తో ఎక్కించాలి. డిస్కు మీది చీటీలో 826 సిలిండర్లు, 16 హెడ్లు, ఒక్కొక్క ట్రాకుకు 63 సెక్టార్లు అని ఉన్నది. ఈ మూడింటినీ గుణించి, ఒక్కో సెక్టారుకు 512 బైట్ల చొప్పున లెక్క కట్టి చూడండి. 42,62,95,296 బైట్లు వస్తాయి. ఇప్పటి 128 జీబీ ఫోనులో ఇలాంటి డిస్కులు 300 పడతాయి!

అమ్మాయి చీటీ చూసి పుస్తకంలో రాసుకున్నది. నేను టార్చి వెలుగులో చీటీ చూస్తూ కీబోర్డు మీద కొట్టాను. స్విచ్చి వేశాం. ఈసారి వేరే సందేశం వచ్చింది: "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్". అంటే మూల ప్రోగ్రాము కనబడడం లేదట.

చుట్టూ నిలబడ్డవాళ్ళు "అయిపోయింది, డిస్కు తుడిచేయడమే" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ సగం నమ్మాను. అప్పుడు ఆ అమ్మాయి నోటు పుస్తకాన్నీ తెరనూ మార్చి మార్చి చూసి, మెల్లగా అడిగింది. "సార్, నా పుస్తకంలో 63 ఉన్నది. తెర మీద 36 ఉన్నది. ఏది రైటు?"

నేను అంకెలు తిరగేసి కొట్టాను!

దాని ఫలితం ఏమిటో ఒక పోలికతో చెబుతాను. ఒక పెద్ద పరీక్ష హాలులో వరసకు 63 బల్లలు ఉన్నాయనుకోండి. "రెండో వరసలో మొదటి బల్ల" అంటే 64వ బల్ల అవుతుంది. వరసకు 36 బల్లలే అని మీరు పొరపాటు పడితే 37వ బల్ల దగ్గరికి వెళ్ళి వెతుకుతారు. అక్కడ మీకు కావలసిన మనిషి ఉండడు. అయితే మొదటి వరసలో మొదటి బల్ల మాత్రం ఎలా లెక్కపెట్టినా మొదటి బల్లే. మా యంత్రంలో జరిగింది కూడా ఇదే. డిస్కు మొదటి గడి సరిగానే దొరికింది. అది ఇచ్చిన సందేశమే మేము చూసింది. దాని తరువాత కర్ర అందుకోవలసిన గడిని మాత్రం యంత్రం తప్పు చోట వెతికింది. అంకెను సరిచేయగానే కర్ర ముందుకు సాగింది.

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ గదిలో "తప్పు ఎవరిది?" అన్న ప్రశ్నే రాజ్యం ఏలుతూ ఉంటే ఏం జరిగేది? నేను పెద్దవాణ్ణి, పైగా తెలిసినవాణ్ణని పిలిపించుకున్నవాణ్ణి. నా తప్పు బయటపడితే పరువు పోతుందని దాచి ఉండేవాణ్ణి. లేదా ఆ అమ్మాయి పెద్దాయనను తప్పు పట్టడమేమిటని నోరు మూసుకుని ఉండేది. ఎలా అయినా డిస్కు తుడిచిపెట్టుకుపోయేది. నింద ఉన్న చోట నిజం దాక్కుంటుంది. నింద వద్దనడం నా మెత్తదనం వల్ల కాదు. నింద ఉంటే కారణం దొరకదు కనుక వద్దంటున్నాను.

ముందు నకలు, తరువాత మరమ్మతు

అంకె సరిచేసిన తరువాత డాస్ మొదలయింది కాని పూర్తి కాలేదు. "బ్యాడ్ ఆర్ మిస్సింగ్ కమాండ్ ఇంటర్‌ప్రెటర్" అన్నది. చివరి పరుగు తీయవలసిన కమాండ్.కామ్ ఫైలు పాడయిందన్న మాట. సామాన్ల గది పెట్టెలోనే డాస్ 6.22 ఫ్లాపీ డిస్కులు మూడూ దొరికాయి. మొదటిది పెట్టి చూస్తే యంత్రం చదవలేకపోయింది.

ఇప్పుడు అనుమానం రెండింటి మీద ఉన్నది. ఫ్లాపీ చెడిందా, ఫ్లాపీని చదివే డ్రైవు చెడిందా? ఊహించవలసిన పని లేదు. అదే డ్రైవులో వేరే ఫ్లాపీ పెట్టాం. చదివింది. చెడిన ఫ్లాపీని ఇంకొక కంప్యూటరుకు తగిలించిన డ్రైవులో పెట్టాం. అక్కడా చదవలేదు. అంటే డ్రైవు మంచిదే, ఫ్లాపీయే చెడింది. మీరు ప్రయోగశాలలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి మిగిలినవాటిని అలాగే ఉంచుతారే, ఇదీ ఆ పద్ధతే. రెండింటినీ ఒకేసారి మార్చి ఉంటే యంత్రం బాగుపడినా ఎందుకు బాగుపడిందో మాకు తెలిసేది కాదు.

నా దగ్గర ఉన్న అదే 6.22 ఫ్లాపీతో యంత్రాన్ని మేలుకొలిపాం. వేరే సంఖ్య డాస్ అయితే పాత ఫైళ్ళతో పొసగక పేచీ పెడుతుంది. ముందుగా డిస్కులో ఏమున్నదో చూశాం. "వర్షం" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక అర కనిపించింది. తెరిచి చూస్తే ఆ బడి పిల్లలు ఒకప్పుడు బడి ఆవరణలోని వర్షమాపకంతో కొలిచి రాసిన లెక్కలు! ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో ఏళ్ళ తరబడి ఎక్కించి పెట్టారు. కాగితం మీద రాసిన పుస్తకాలను చెదలు ఎప్పుడో తినేశాయట. ఆ లెక్కలు ఈ లోకంలో మిగిలింది ఈ ఒక్క డిస్కు మీదనే.

"తుడిచేసి మళ్ళీ ఎక్కించండి" అన్న సలహా ఎంత ఖరీదైనదో ఇప్పుడు తెలిసిందా? డాస్ ఫ్లాపీలు ఎక్కడైనా దొరుకుతాయి. గడిచిపోయిన వాన దొరకదు.

ముందు ఆ అరను ఫ్లాపీ మీదికి నకలు చేసి ఇంకొక కంప్యూటరులో భద్రపరిచాం. ఆ తరువాతే స్కాన్‌డిస్క్‌తో డిస్కును పరీక్షించాం. కమాండ్.కామ్ ఉన్న చోటనే డిస్కు ఉపరితలం దెబ్బతిన్నదని అది చూపింది. ఆ చోటును వాడకుండా గుర్తు పెట్టించి, "సిస్" అనే ఆజ్ఞతో డాస్ మూల ఫైళ్ళను తిరిగి ఎక్కించాం. ఫ్లాపీ తీసేసి స్విచ్చి వేస్తే "సీ" అక్షరం ప్రత్యక్షమయింది. తేదీ ఎక్కించే పని ఆ అమ్మాయికే ఇచ్చాం.

కారణం ఎదురుగా ఉండకపోవచ్చు

ఈ పద్ధతి మా చిన్న బడిలో పుట్టింది కాదు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి మార్క్ 2 యంత్రం తప్పుగా పనిచేసింది. వెతికితే 70వ రిలేలో ఇరుక్కున్న పురుగు దొరికింది. కిటికీ ఎవరు తెరిచారని వాళ్ళు కేకలు వేసుకుంటూ కూర్చోలేదు. పురుగును పనుల పుస్తకంలో అంటించి, పక్కన కాలం వేసి రాసుకున్నారు. గ్రేస్ హాపర్ పనిచేసిన బృందం అది. లోపాన్ని "బగ్" అనడం అంతకు ముందే ఉన్నది. 1878 నాటికే ఎడిసన్ ఆ మాట వాడాడు. కాని ఆ పుస్తకం నేటికీ వాషింగ్టన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నది. లోపాన్ని రాసి పెట్టడం సిగ్గుపడవలసిన పని కాదనడానికి అంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ఇంకొక ఉదాహరణ చెబుతాను. విండోస్ 95 విడుదలయింది 1995లో. 1998లో వచ్చిన 350 మెగాహెర్ట్జ్ ఏఎండీ కె6-2 ప్రాసెసర్ల మీద అది ఒక్కోసారి మేలుకోకుండానే ఆగిపోయేది. ప్రాసెసరు చెడ్డదా? కాదు. విండోస్‌లో ఒక చిన్న లెక్క ఉన్నది. ఒక పనిని చాలాసార్లు తిప్పి, అందుకు పట్టిన కాలంతో భాగించి అది వేగం కట్టేది. కొత్త ప్రాసెసరు ఆ పనిని ఎంత త్వరగా ముగించిందంటే, పట్టిన కాలం సున్నా అని తేలింది. సున్నాతో భాగించరాదని మీకు లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు! యంత్రం మరీ వేగంగా ఉండడమే అక్కడ ఇబ్బంది. దోషిని వెతికేవాడికి ఇలాంటి కారణం ఎన్నటికీ తట్టదు.

పాతది ఎందుకు?

"ఈ రోజుల్లో డాస్ నేర్చుకుని ఏం చేయాలి?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. డాస్ ఆజ్ఞలు మీకు ఉద్యోగం తెచ్చిపెడతాయని నేను చెప్పను. కాని ఇప్పటి ఫోను చెడితే మీరు చేయగలిగింది ఆపి వేయడం, లేదా దుకాణానికి తీసుకుపోవడం. అందులో కర్ర ఎక్కడ ఆగిందో మీకు కనిపించదు. పాత కంప్యూటరులో ప్రతి మెట్టూ కనిపిస్తుంది. చెడితే పోయేది కూడా పెద్దగా ఉండదు. లోపం వెతకడం నేర్చుకోవడానికి అంతకన్న మంచి ప్రయోగశాల లేదు. అక్కడ నేర్చిన పద్ధతి పొలంలో మోటారు ఆగినప్పుడూ పనికివస్తుంది, సైకిలు దీపం వెలగనప్పుడూ పనికివస్తుంది.

అందుకే నేననేది, పాత కంప్యూటరు ఉన్న ప్రతి ఉన్నత పాఠశాలా ఒకదాన్ని పిల్లలు వెతికి బాగుచేయడానికే కేటాయించాలి. దాని పక్కన దారంతో కట్టిన ఒక నోటు పుస్తకం ఉండాలి. చూసింది చూసినట్టు రాయడం, ఒక్కసారికి ఒక్క మార్పే చేయడం, ముందు నకలు తీసి తరువాత మరమ్మతు చేయడం, ఈ మూడు నియమాలు చాలు.

జాగ్రత్తలు మాత్రం మరువకండి. విద్యుత్తు అందించే ఇనుప పెట్టెనూ, టీవీలాంటి పాత మానిటరునూ ఎప్పుడూ విప్పరాదు. మానిటరు లోపల 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. స్విచ్చి ఆపినా కొంతసేపు విద్యుత్తు నిలిచే ఉంటుంది. మిగిలిన భాగాలు ముట్టుకోవాలన్నా ప్లగ్గు పీకి, టీచరు దగ్గర ఉండగానే ముట్టుకోవాలి. అలాంటి పాత యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపరాదు. ఇక బాగుపడే ఆశ లేని యంత్రాన్ని పాత ఇనుములో వేయకుండా, అనుమతి ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అందులో సీసం వంటి విష పదార్థాలు ఉంటాయి.

నేను బయలుదేరే ముందు ఆ అమ్మాయి తన పుస్తకం తెచ్చి చూపింది. బ్యాటరీ వోల్టులు, 63కు బదులు 36, చెడిన ఫ్లాపీ, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. 36 కొట్టింది ఎవరో మాత్రం రాయలేదు. "రాయవలసింది కదమ్మా?" అని నవ్వాను. "అది అక్కర్లేదు సార్. తప్పు ఎక్కడుందో రాశాను కదా" అన్నది.

ఈసారి మీ ఇంట్లో ఫ్యాను ఆగి, "ఎవరు ముట్టుకున్నారు?" అన్న కేక వినిపిస్తే బెదరకండి. ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. "కరెంటు ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది?" అని పెద్దవాళ్ళను కూడా కలుపుకుని వెతకండి. చివాట్లు తగ్గుతాయో లేదో నేను హామీ ఇవ్వలేను. కారణం దొరికే అవకాశం మాత్రం తప్పక పెరుగుతుంది.